ఆ ఎర్ర లైన్లు ఎందుకు తీసేశావ్?

తమ్ముడూ,

వెబ్ అప్లికేషన్ల మీద నువ్వు రాసిన చాప్టర్ రాత్రి చదివా, పడుకోబోయి మళ్ళీ లేచి ఆ ఒక్క పేరా చదివా, మీ అక్క టైలరింగ్ షాపులో సబ్మిట్ కొట్టగానే పేజీ మొత్తం రీలోడ్ అయ్యి పన్నెండు జాకెట్ల కొలతలు పోయాయని రాశావు చూడు, అది. దాన్ని తీసుకెళ్ళి తొమ్మిదో పేజీలో పడేశావేంటి? చాప్టర్ అక్కడే మొదలవ్వాలి. పేజీ కదలకుండా కావాల్సిన ముక్క ఒక్కటే వెనకాల సర్వర్ నుంచి రావాలని ఆ కొలతలు పోగొట్టుకున్న మనిషికి ఇట్టే అర్థమవుతుంది. నువ్వేమో రిచ్ ఇంటర్నెట్ అప్లికేషన్లు అనడానికి "సుసంపన్న అంతర్జాల అనువర్తనాలు" అని మొదలెట్టావ్, అమీర్‌పేట ల్యాబుల్లో ఆ మాట ఎవరన్నా అనగా విన్నావా?

అసలు కోపమొచ్చింది వేరేదానికి. పద్నాలుగు పేజీల్లో ఒక్క ఎర్రర్ లేదు, ఆ ఎర్ర లైన్లన్నీ తీసేశావ్! కావాల్సిన ప్యాకేజీలు దించే ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కమాండ్ కొట్టగానే అన్నీ దిగిపోయాయి, మొదటిసారే రన్ అయింది అంటే నేను నమ్మను. నీ పేజీ 3000 పోర్ట్‌లో, సర్వర్ 8000లో పెట్టావ్, బ్రౌజర్‌కి అవి రెండు వేరే ఆరిజిన్లు, అంటే వేరే వేరే చోట్ల నుంచి వచ్చినవి, ఒకచోటి పేజీ ఇంకోచోటి డేటా చదవడానికి సర్వర్ ఒప్పుకోకపోతే కార్స్ ఎర్రర్ అని, బ్రౌజర్ ఎర్రర్లు చూపించే కన్సోల్ ఎర్రగా అయిపోతుంది. చదివే పిల్లాడు సరిగ్గా అక్కడే ఆగిపోతాడు, రాత్రి పదకొండింటికి హాస్టల్‌లో ఎవర్ని అడుగుతాడు చెప్పు?

2008లో ఫ్లాష్ మీద నడిచే అప్లికేషన్లు రాసే అడోబీ టూల్ ఫ్లెక్స్ 3 ఓపెన్ సోర్స్‌గా వచ్చినప్పుడు మైత్రీవనం వెనక రూమ్‌లో ఆర్నెల్లు కూర్చుని దాని మీద పుస్తకం రాశా, కోడ్ రాసే ఎక్లిప్స్ తెరిస్తే సిస్టమ్ కదిలేది కాదు, టీ తాగొచ్చేవాణ్ణి. అందులో ఎర్రర్ల మీదే నలభై పేజీలు. ఎడిటర్ గారు "పాఠకులు భయపడతారండీ" అని మొత్తం కొట్టేసి ఆ చోట మెనూల బొమ్మలు వేశారు. ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఫ్లెక్స్ 2011లో అపాచీ ఫౌండేషన్‌కి వెళ్ళిపోయింది, 2020 డిసెంబర్ 31తో దాన్ని బ్రౌజర్‌లో నడిపే ఫ్లాష్ ప్లేయర్‌కే సపోర్ట్ ఆగింది, ఆ మెనూలు ఇప్పుడు ఎవరికి కావాలి? కొట్టేసిన పేజీల్లో ఏముందో తెలుసా, సర్వర్‌లో అనుమతి చెప్పే క్రాస్‌డొమైన్ ఎక్స్‌ఎంఎల్ ఫైలు లేకపోతే ఫ్లాష్ వేరే డొమైన్ నుంచి డేటా తీసుకోదని, ఎందుకు తీసుకోదో, ఎలా సరిచెయ్యాలో. ఇవాళ నీ కన్సోల్‌లో కార్స్ అని వచ్చేది కూడా ఆ గొడవే, టూల్ పోయింది గానీ గొడవ పోలేదు.

పేజీలు కట్టడానికి రియాక్టా వ్యూనా, ఏ లైబ్రరీ వాడాలని అడిగావ్, రెండూ ఎవరైనా ఉచితంగా వాడుకునే ఎంఐటీ లైసెన్సే, ఆ సంగతి తర్వాత. ముందు ఆ ఎర్ర లైన్లు ఉన్నవి ఉన్నట్టు పెట్టు, ఏం మారిస్తే ఏ ఎర్రర్ పోయిందో వరసగా రాయి, ఆదివారం కోఠి వస్తా, ప్రింట్ తీసుకురా.

ఇంతకీ మీ అక్క ఫారం ఇప్పుడు పనిచేస్తోందా? అది కూడా రాయలేదు నువ్వు.