ఫార్వర్డ్ చేసిన పాపానికి నా మీద కేసు పడుతుందా?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ సంఘానికి నేను కార్యదర్శిని. ‘భయంకరమైన వైరస్ వస్తోంది, ఏ యాంటీవైరస్సూ పట్టుకోలేదు, మైక్రోసాఫ్ట్ వాళ్లే చెప్పారు, అందరికీ పంపండి, అనుమానముంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని ఈమెయిల్ వచ్చింది. మంచికే కదా అని 48 ఫ్లాట్ల వాళ్లకూ పంపాను. మూడో అంతస్తు ఆయన ఆ నంబరుకు చేసి, వాళ్లు చెప్పిన యాప్ వేసుకుని, ఓటీపీ కూడా చెప్పి నిన్న 42 వేలు పోగొట్టుకున్నారు. ఇప్పుడు నా మీదే కేసు పెడతానంటున్నారు. జైలుకెళ్లాల్సి వస్తుందా? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీరు చెప్పినంత వరకే అయితే, వెళ్లక్కర్లేదు. ఆ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆయన చేత సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, బ్యాంకుకు ఫోన్ చేయించండి. రిజర్వ్ బ్యాంక్ 2017 జులై 6న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం ఓటీపీ తానే చెప్పిన కేసుల్లో, బ్యాంకుకు తెలియజేసేదాకా పోయింది ఖాతాదారుడిది, తెలియజేశాక పోయేది బ్యాంకుది. మీ ఇద్దరూ లిఫ్ట్ దగ్గర వాదించుకునే ప్రతి గంటా ఆయన జేబుకే చిల్లు. ఆ యాప్ కూడా తీసేయించండి.

ఇక మీ సంగతి. ఐటీ చట్టం 66డి సెక్షన్ కంప్యూటర్ ద్వారా వేరొకరిగా నటించి మోసం చేసినవాడికి వర్తిస్తుంది. మూడేళ్ల వరకు జైలు, లక్ష దాకా జరిమానా. అది ఫోనెత్తిన వాడి పని. మీరు మీ పేరుతోనే పంపారు, పైసా ముట్టలేదు. ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలు పంపడాన్ని నేరం చేసిన 66ఏ అని ఎవరైనా బెదిరిస్తే, దాన్ని శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు 2015 మార్చి 24నే కొట్టేసిందని చెప్పండి. వదంతులకు సంబంధించిన భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 353 సెక్షన్‌లోనూ, నిజమని నమ్మడానికి తగిన కారణం ఉండి, సద్బుద్ధితో, చెడు ఉద్దేశం లేకుండా చెప్పినవారికి మినహాయింపు ఉంది.

అయితే ఒక మెలిక. చట్టంలో సద్బుద్ధి అంటే మంచి మనసు ఒక్కటే కాదు. తగిన జాగ్రత్త తీసుకోకుండా చేసిన పనిని సద్బుద్ధితో చేసినట్టు లెక్కించరు. ఈసారి తెలియక పంపారు, సరే. ఇంత జరిగాక మళ్లీ అలాంటిదే పంపితే ‘తెలియదండీ’ అన్న మాట కోర్టులో నిలబడదు.

తెలుసుకోవడం కష్టమేమీ కాదు. మీ మెయిల్‌లో తేదీ ఉందా? మైక్రోసాఫ్ట్ పేరుంది కానీ వాళ్ల సైట్‌లో ఆ ప్రకటన ఉందా? ‘అందరికీ పంపండి’ అన్నదొక్కటి చాలు అనుమానించడానికి. నిజమైన హెచ్చరిక అప్‌డేట్ చేసుకోమంటుంది కానీ మీ చేత చాటింపు వేయించదు. 2002లో మా గుమస్తా ఇలాంటి మెయిలే చదివి, ‘సార్, మన కంప్యూటర్లో ఎలుగుబంటి బొమ్మ వైరస్ ఉంది’ అని పరిగెత్తుకొచ్చాడు. వెతికితే నిజంగానే ఉంది. తీసేశాం. క్లయింట్లకూ చెప్పాం, ఫీజు లేకుండా! తర్వాత తెలిసింది, జేడీబీజీఎంజీఆర్ అనే ఆ ఫైలు విండోస్‌తో పాటు వచ్చేదేనని, ప్రోగ్రాములు రాసేవాళ్లకు తప్ప మాలాంటివాళ్లకు దాంతో పని లేదని. అందుకే బతికిపోయాం.

ఇవాళే ఆ 48 మందికీ ‘నేను పంపింది అబద్ధం, ఆ నంబరుకు చేయకండి’ అని రాయండి. మీ జాగ్రత్తకు రేపు అదే రుజువు. పాత మెయిల్‌ను భయపడి డిలీట్ చేయొద్దు. స్క్రీన్‌షాట్‌లో పంపినవాడి దారి కనిపించదు, అది అసలు మెయిల్ హెడర్‌లో, అంటే మామూలుగా కనిపించని వివరాల్లో ఉంటుంది. కోర్టుకు ఇవ్వాల్సి వస్తే భారతీయ సాక్ష్య అధినియమం (సాక్ష్యాల చట్టం) 63 సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ ఆధారానికి కావలసిన సర్టిఫికెట్ జతచేయాలి, అది మీ వకీలు చూసుకుంటారు.

ఆయనతో పాటు సైబర్ క్రైమ్ స్టేషన్‌కు మీరే వెళ్లండి. ఆ నంబరు ఎక్కడి నుంచి వచ్చిందో చూపించగలిగింది మీరే. ఈ కేసులో పోలీసులకు మీతో పని సాక్షిగానే.