సొంత ట్రైలర్‌కు కిలోమీటరుకు ఎంత మిగులుతుంది?

ప్రశ్న: పన్నెండేళ్లుగా ట్రైలర్ డ్రైవరుగా నెలకు 25,000 రూపాయలు సంపాదిస్తున్నాను. ఇప్పుడు ఫైనాన్సు మీద సొంత ఫ్లాట్‌బెడ్ (పక్క తలుపులు లేని, చదును బల్ల) ట్రైలర్ తీసుకోవాలనుకుంటున్నాను. ఉక్కు కర్మాగారం నుంచి హైదరాబాదుకు 35 టన్నుల కాయిల్స్‌కు (ఉక్కు రేకు చుట్టలకు) టన్నుకు 1,600 చొప్పున కిరాయి ఇస్తామన్నారు. కిలోమీటరుకు 90 రూపాయలు వస్తుందని తోటివారు అంటున్నారు. నిజంగా చేతికి ఎంత వస్తుంది?
– ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: 56,000 రూపాయల కిరాయిని దాదాపు 620 కిలోమీటర్లతో భాగిస్తే 90 రూపాయలు రావడం నిజమే కాని, బండి తిరిగి గాజువాక చేరాలి కనుక ఆ మొత్తాన్ని రానుపోను 1,240 కిలోమీటర్ల మీద పంచి చూడండి. ఖాళీగా తిరిగొస్తే అది 45 రూపాయలే అవుతుంది. లోడుతో లీటరుకు 3, ఖాళీగా 4.5 కిలోమీటర్లు నడిచే బండికి, లీటరు 97 రూపాయల లెక్కన, డీజిలుకే 33,400 అవుతుంది. టోలుకు 9,000, బత్తా, క్లీనరు, దారి ఖర్చులకు 5,000 అనుకుంటే మిగిలేది 8,600 రూపాయలు, అంటే కిలోమీటరుకు 7 రూపాయలు. కిస్తీ, టైర్లు ఇంకా ఇందులో చేరలేదు.

కాబట్టి మీ సంపాదన రిటర్న్ లోడు మీదే నిలుస్తుంది. పక్క తలుపులు లేని బండికి బస్తాలు, విడి సరుకు ఎక్కవు. యంత్రాలో పైపులో దొరికే దాకా కాచుకోవలసి వస్తుంది. ట్విస్ట్ లాకులు (కంటైనరు మూలలను బిగించే తాళాలు) ఉన్న బెడ్డు తీసుకుంటే ఓడరేవుకు వచ్చే కంటైనర్లను కూడా ఎక్కించుకోవచ్చు, అది తప్పక ఆలోచించండి. తిరుగు లోడుకు 35,000 దొరికితే, అదనపు డీజిలు, బ్రోకరు కమీషను పోను, రౌండుకు మొత్తం 35,000 దాకా మిగులుతుంది. నెలకు నాలుగు రౌండ్లు తిరిగితే 1,40,000. అందులో కిస్తీకి 75,000, టైర్లకు 20,000, బీమా, పన్ను, సర్వీసింగులకు 15,000 పక్కన పెడితే మీకు దక్కేది 30,000 రూపాయలు, కిలోమీటరుకు సుమారు 6 రూపాయలు. నాలుగింటిలో ఒక్క రౌండు ఖాళీగా తిరిగొచ్చినా ఆ నెల 4,000 కూడా మిగలదు. స్టీరింగు పట్టిన మీ కష్టానికి జీతం కూడా ఆ డబ్బులోనే ఉందని గమనించండి.

ఈ లోటును అధిక లోడుతో పూడ్చుకోమని సలహా ఇచ్చేవారుంటారు, వారి మాట దయచేసి వినకండి. మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక బరువుకు 20,000 రూపాయల జరిమానా, ఆపై ప్రతి అదనపు టన్నుకు మరో 2,000 పడుతుంది. బ్రేకులకు, మీ ప్రాణానికి ఉండే ముప్పు వేరు. టీడీఎస్ (కిరాయి ఇచ్చేవారు ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) విషయంలో మాత్రం భయం అక్కర్లేదు: పదికి మించి వాహనాలు లేని యజమాని పాన్‌తో పాటు డిక్లరేషన్ ఇస్తే కిరాయిలో కోత పెట్టరు.

ఫైనాన్సు కాగితాల మీద సంతకం చేసే ముందు, హైదరాబాదులో కనీసం ఇద్దరు బ్రోకర్లతో మాట్లాడి నెలకు ఎన్ని తిరుగు లోడ్లు ఇవ్వగలరో అడగండి. అన్‌లోడింగు ఆలస్యమైతే రోజుకు ఇంత అని హాల్టింగు చార్జీని కిరాయి చీటీలోనే రాయించుకోండి.