నిమ్మరసం దగ్గరే మొదలుపెట్టు

చిరంజీవి మేనల్లుడికి, చిత్తూరు నుంచి మామయ్య ఆశీస్సులు.

బెంగళూరులో బార్టెండర్‌గా చేరావని మీ అమ్మ చెప్పింది. కొత్త రకాల కాక్‌టెయిల్స్ ఏవి నేర్చుకోమంటారని అడిగావు. ముందు విస్కీ సవర్ నీ చేతికి రావాలి. 60 మిల్లీలీటర్ల విస్కీ, 22 నిమ్మరసం, 22 పంచదార పాకం. విస్కీ బదులు తెల్ల రమ్ పోస్తే డైకిరీ. కాన్యాక్ అనే ఫ్రెంచి బ్రాందీ పోసి, పాకం స్థానంలో నారింజ రుచిగల తియ్యని మద్యం (లిక్యూర్) వాడితే సైడ్‌కార్. మూలం ఒక్కటే.

ఈ కొలతలను నమ్ము, కానీ నిమ్మకాయను నమ్మకు. విదేశీ పుస్తకాలు విస్కీకి చెప్పేది పసుపుపచ్చని పెద్ద నిమ్మ. మన సంతలో దొరికేది వేరే జాతి, వాసన ఘాటు. కాయకాయకూ పులుపు మారుతుంది. రోజూ మొదటి కాయ పిండగానే చుక్క నాలుక మీద వేసుకో. పులిహోరలో పులుసు కలిపేటప్పుడు మీ అమ్మమ్మ ఎన్నిసార్లు రుచి చూసేదో గుర్తుందా? అంతే శ్రద్ధ కావాలి. నేను పనిచేసిన ఒక హోటల్లో ఉదయం పిండిన రసం రాత్రి దాకా వాడేవారు. ఒక పెద్దమనిషి గ్లాసు వెనక్కి పంపాడు. ఆ చేదు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఏ పూటకు ఆ పూట పిండు.

ఐసుతో పది, పన్నెండు సెకన్లు గట్టిగా కుదుపు. కరిగి చేరే నీళ్లు కూడా పానీయంలో భాగమే. నురగ కోసం గుడ్డు తెల్లసొన వేస్తే, ముందు ఐసు లేకుండా ఒకసారి, తర్వాత ఐసుతో మరోసారి కుదపాలి. పిస్కో అనే ద్రాక్ష బ్రాందీతో చేసే పెరూవారి పిస్కో సవర్‌కు ఆ నురగే అందం. అయితే గుడ్డు ఉందని అడగకముందే చెప్పు; మనవాళ్లలో ముట్టనివారు ఎందరో. వారికి కాబూలీ శనగలు ఉడికించిన నీళ్లు వాడు, నురగ బాగానే వస్తుంది.

ఇక కొత్తవి. న్యూయార్క్‌లో శామ్ రాస్ అనే బార్టెండర్ 2005లో చేసిన పెనిసిలిన్ అనే కాక్‌టెయిల్‌ను శ్రద్ధగా చూడు. స్కాచ్, నిమ్మరసం అలాగే ఉంచి, పాకం స్థానంలో తేనె, అల్లం తెచ్చాడు. పైన స్కాట్లాండ్‌లోని ఐలా దీవి నుంచి వచ్చే పొగవాసన గల విస్కీ కొద్దిగా పోశాడు. సవర్ ఎముకల గూడు చెడలేదు, అందుకే నిలిచింది. నువ్వూ ఒకసారికి ఒక్కటే మార్చు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది నల్ల రమ్‌తో మన బెల్లం పాకం. బెల్లాన్ని సమానమైన నీళ్లలో కరిగించి, గుడ్డలో వడకట్టి, చల్లారాక వాడు. చిటికెడు ఉప్పు వేస్తే బెల్లం రుచి పైకి వస్తుంది. తోతాపురి పచ్చిమామిడి రసంతోనూ చేసి చూడు. పులుపు తక్కువైతే నిమ్మ కలుపు.

మీ అమ్మతో రెండు కిలోల బెల్లం పంపుతున్నాను. తడి తగలని డబ్బాలో పెట్టుకో. మొదటి గ్లాసు ఎలా వచ్చిందో రాయి.

మీ మామయ్య