గ్రామర్ వచ్చు, వాక్యమే రావడం లేదు: ఏం చేయాలి?

ప్రశ్న: ఇంటర్ వరకు తెలుగు మీడియంలో చదివాను. ఇప్పుడు బీకాం చివరి సంవత్సరం. వెర్బ్, యాడ్‌వెర్బ్, కంజంక్షన్ అంటే ఏమిటో అడిగితే ఉదాహరణలతో సహా చెప్పగలను. మాట్లాడాల్సి వస్తే మాత్రం రెండు మూడు పదాల ముక్కలే వస్తున్నాయి. ఈమధ్య మా కాలేజీకి వచ్చిన ఒక కంపెనీ వాళ్లు ‘నిన్న రోజంతా ఏం చేశారో చెప్పండి’ అని అడిగితే నాలుగు ముక్కలు చెప్పి ఆగిపోయాను. బ్యాంక్ క్లర్క్ పరీక్షకు కూడా ప్రిపేర్ అవుతున్నాను. గ్రామర్ మళ్లీ మొదటి నుంచి చదవాలా?
– ఒక విద్యార్థిని, ఒంగోలు

జవాబు: అక్కర్లేదమ్మా. నిర్వచనాలు మీకు వచ్చు. రానిది వాటిని ఒకదానితో ఒకటి ముడివేయడం. తెలుగు మీడియం నుంచి వచ్చే పిల్లల్లో నేను ఎక్కువగా చూసే ఇబ్బంది ఇదే. దీనికి కారణం తెలివి తక్కువ కావడం కాదు, తెలుగు వాక్యం నడిచే తీరు.

మీకు వేసిన ప్రశ్ననే తీసుకుందాం. తెలుగులో అయితే మీరు ఆగకుండా ఇలా చెప్పేవారు: ‘పొద్దున్నే లేచి, స్నానం చేసి, టిఫిన్ తిని కాలేజీకి వెళ్లాను.’ ఇందులో నాలుగు పనులున్నాయి. కానీ ‘నేను’ అన్న సంగతీ, జరిగిపోయిన పని అన్న సంగతీ చివరి ‘వెళ్లాను’లోనే ఉన్నాయి. లేచి, చేసి, తిని అన్నవి అసమాపక క్రియలు. వాటికి సొంతంగా కాలం లేదు, చివరి క్రియ మీద ఆధారపడతాయి. ఇంగ్లిష్‌లో ఇదే మాట ‘ఐ గాట్ అప్ ఎర్లీ, టుక్ ఎ బాత్, హ్యాడ్ బ్రేక్‌ఫస్ట్ అండ్ వెంట్ టు కాలేజ్’ అవుతుంది. గాట్, టుక్, హ్యాడ్, వెంట్: నాలుగింటికి నాలుగూ పాస్ట్ టెన్స్‌లో ఉండాల్సిందే. మన పిల్లలు ‘ఐ గెట్ అప్, టేక్ బాత్ అండ్ వెంట్’ అంటారు. చివరి క్రియకు ఒక్కదానికే కాలం ఇస్తారు. టెన్స్ రాక కాదు, తెలుగు అలవాటు అలా చేయిస్తుంది.

కంజంక్షన్ల దగ్గర కూడా ఇదే జరుగుతుంది. ‘వచ్చు’ అనే ఒక్క క్రియను చూడండి. వస్తే, వచ్చినప్పుడు, రాగానే, వచ్చేదాకా, వచ్చినా. కలిపే మాట తెలుగులో క్రియ తోకలోనే ఉంది. ఇంగ్లిష్‌లో ఆ తోకను విడదీసి, ఆ చిన్న వాక్యానికి ముందు పెట్టాలి: ఇఫ్, వెన్, యాజ్ సూన్ యాజ్, అంటిల్, ఈవెన్ దో. మీరు ముక్కల దగ్గర ఆగిపోయేది ఇక్కడేనని నా నమ్మకం. తోకలో వినిపించే మాటకు విడిగా ఒక పదం కావాలని మనసుకు వెంటనే తట్టదు. ‘వర్షం పడితే రాను’ అంటే ‘ఐ వోంట్ కమ్ ఇఫ్ ఇట్ రెయిన్స్’. ఇక్కడ చాలామంది ‘ఇఫ్ ఇట్ విల్ రెయిన్’ అంటారు. రేపటి సంగతి ‘వోంట్ కమ్’లో వచ్చేసింది కాబట్టి ఇఫ్ పక్కన విల్ పెట్టం. ‘వెన్ ఐ రీచ్ హోమ్, ఐ విల్ కాల్ యు’ కూడా అంతే.

రెండు వాక్యాలకు ఒకే ముడి చాలు. ‘బాగా చదివినా ఫెయిలయ్యాను’ అనడానికి ‘దో ఐ స్టడీడ్ వెల్, బట్ ఐ ఫెయిల్డ్’ అంటే రెండు ముళ్లు పడ్డాయి. దో ఉంచితే బట్ తీసేయాలి, బట్ ఉంచితే దో తీసేయాలి. బికాజ్‌తో మొదలుపెట్టి మధ్యలో సో వేయడం కూడా ఇలాంటి తప్పే. అన్‌లెస్‌లో ‘కాకపోతే’ అన్న అర్థం ముందే ఉంది, దాని పక్కన మళ్లీ డోంట్ వద్దు. తప్పు గుర్తించమని ఇచ్చే ప్రశ్నల్లో ఇవి తరచూ కనిపిస్తాయి. అందుకే అలాంటి ప్రశ్న రాగానే ముందు క్రియలు లెక్కపెట్టండి, తర్వాత ముళ్లు లెక్కపెట్టండి. మామూలు వాక్యాల్లో రెండు పూర్తి క్రియలకు ఒక ముడి, మూడింటికి రెండు ఉంటాయి. పైన గాట్, టుక్, హ్యాడ్ వాక్యంలోలా పనులు వరుసగా చెప్పేటప్పుడు కామా ఆ పని చేస్తుంది.

ఇక యాడ్‌వెర్బ్. తెలుగులో ‘గా’ చేర్చినట్టే ఇంగ్లిష్‌లో ‘లీ’ చేర్చితే చాలాసార్లు సరిపోతుంది: నెమ్మదిగా, స్లోలీ. హార్డ్ దగ్గర మాత్రం జాగ్రత్త. కష్టపడి పనిచేస్తానని చెప్పాలనుకుని ‘ఐ హార్డ్‌లీ వర్క్’ అంటే ‘నేను దాదాపు పనే చేయను’ అని అర్థం వస్తుంది. ‘ఐ వర్క్ హార్డ్’ అనాలి. ఇంటర్వ్యూలో ఈ ఒక్క మాటతో మంచి పిల్లలు నష్టపోతుంటే బాధగా ఉంటుంది.

యాడ్‌వెర్బ్ చోటు గురించి రెండు మాటలు. ‘ఇంగ్లిష్ బాగా మాట్లాడతాను’ అన్నప్పుడు ‘బాగా’ క్రియను అంటిపెట్టుకుని ఉంటుంది. అందుకే ‘ఐ స్పీక్ వెరీ వెల్ ఇంగ్లిష్’ అనేస్తాం. ఇంగ్లిష్‌లో క్రియకూ దాని కర్మకూ మధ్య యాడ్‌వెర్బ్ దూరకూడదు: ‘ఐ స్పీక్ ఇంగ్లిష్ వెరీ వెల్’. ఆల్వేస్, ఆఫెన్, నెవర్ లాంటివి అసలు క్రియకు ముందు వస్తాయి: ‘ఐ ఆల్వేస్ కమ్ ఆన్ టైమ్’. యామ్, ఈజ్, ఆర్ ఉంటే వాటి తర్వాత వస్తాయి: ‘ఐ యామ్ ఆల్వేస్ ఆన్ టైమ్’.

ఇంటర్వ్యూల్లో నేను చాలాసార్లు విన్న వాక్యం మరొకటి ఉంది: ‘ఐ యామ్ స్టడీయింగ్ హియర్ సిన్స్ టు ఇయర్స్’. ‘రెండేళ్లుగా ఇక్కడ చదువుతున్నాను’ అనే మంచి తెలుగు వాక్యానికి ఇది నకలు. తెలుగులో ‘చదువుతున్నాను’ సరిపోతుంది. ఇంగ్లిష్‌లో మాత్రం అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి వేరే రూపం ఉంది: ‘ఐ హ్యావ్ బీన్ స్టడీయింగ్ హియర్ ఫర్ టు ఇయర్స్’. ఎంతకాలమో చెబితే ఫర్, ఎప్పటి నుంచో చెబితే సిన్స్: ‘సిన్స్ 2023’. వాక్యంలో కాలం చెప్పే మాట మారితే క్రియ రూపం కూడా మారాలని గుర్తుపెట్టుకోండి.

ఇక మీ బ్యాంక్ పరీక్ష సంగతి. ఐబీపీఎస్ అనే సంస్థ పెట్టే క్లర్క్ పరీక్ష మొదటి దశ అయిన ప్రిలిమ్స్‌లో ఇంగ్లిష్‌కు 30 ప్రశ్నలు, 30 మార్కులు, 20 నిమిషాల టైమ్. తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది. మిగతా రెండు విభాగాలూ తెలుగులో రాసే వీలుంది, ఇది మాత్రం ఇంగ్లిష్‌లోనే రాయాలి. కాబట్టి దీన్ని పక్కన పెట్టలేం. ప్రశ్నకు 40 సెకన్లే కాబట్టి రూల్ గుర్తుచేసుకుంటూ కూర్చునే టైమ్ కూడా ఉండదు. వాక్యం చూడగానే ఎక్కడ తేడా ఉందో తట్టాలి. అది చేత్తో రాసి, నోటితో చదివితేనే అలవడుతుంది.

గ్రామర్ పుస్తకాన్ని ఒక నెల పక్కన పెట్టండి. రోజూ రాత్రి ఆ రోజు జరిగినవి ఐదు తెలుగు వాక్యాల్లో రాయండి, మీరు ఇంట్లో మాట్లాడే తెలుగులోనే. ప్రతి క్రియ కిందా గీత పెట్టి, దాని తోక చుట్టూ సున్నా చుట్టండి. ఆ తోకకు ఇంగ్లిష్ పదం పైన రాసుకుని, అప్పుడు వాక్యాన్ని ఇంగ్లిష్‌లో రాసి పైకి చదవండి. వారానికోసారి ఎవరైనా లెక్చరర్‌కు చూపించండి. తప్పు దిద్దేవాళ్లు లేకపోతే పాత తప్పే గట్టిపడిపోతుంది. మాట్లాడేటప్పుడు వాక్యం మధ్యలో ఆగిపోయినా టెన్షన్ పడకండి. ‘బికాజ్’ అని ఒక్క మాట అందుకుంటే తర్వాతి ముక్క దాని వెంట వస్తుంది.

మొదటి రాత్రికి మిమ్మల్ని ఆపేసిన ఆ ప్రశ్ననే తీసుకోండి. ‘మొన్న రాత్రి పన్నెండింటి దాకా చదివాను కాబట్టి నిన్న ఆలస్యంగా లేచాను’ అని రాయండి. తోకలు రెండు: ‘దాకా’, ‘కాబట్టి’. కింద ‘ఐ గాట్ అప్ లేట్ యెస్టర్‌డే బికాజ్ ఐ హ్యాడ్ స్టడీడ్ అంటిల్ మిడ్‌నైట్’ అని రాసి పైకి చదవండి. తర్వాతి నాలుగు వాక్యాలు మీ రోజును బట్టి మీరే రాయండి.