రాగి గని వల్ల సాల్మన్‌కు అసలు ముప్పు ఏమిటి?
అలాస్కాలోని బ్రిస్టల్ బే అఖాతానికి ఎగువన పెబుల్ అనే రాగి గని తవ్వితే అక్కడి సాల్మన్ చేపలకేమవుతుందని ప్రశ్న. అందరూ గని వ్యర్థాల బురదను ఆపే ఆనకట్ట తెగడం గురించే భయపడతారు గానీ, కంటికి కనబడని ప్రమాదం రాగిది. తవ్విపోసిన రాయిలోని పైరైట్‌కు (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) గాలి, నీరు తగిలితే సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. అది రాగిని కరిగించి వాగుల్లో కలుపుతుంది. లీటరుకు కొన్ని మైక్రోగ్రాములు చాలు: చేప చావదు, ముక్కు పనిచేయదు. గుడ్లు పెట్టడానికి తిరిగొచ్చేటప్పుడు, పుట్టిన వాగును సాల్మన్ గుర్తుపట్టేది వాసనతోనే కదా! పైగా అక్కడి నీళ్లలో కాల్షియం తక్కువ కాబట్టి రాగి విషం మరింత పదునెక్కుతుంది. గని మూసేశాక కూడా ఆమ్లం దశాబ్దాలపాటు ఊరుతూనే ఉంటుంది.

ఇక ఆనకట్ట సంగతి. 2014 ఆగస్టు 4న కెనడాలోని మౌంట్ పోలీ గనిలో అలాంటి ఆనకట్ట పునాది కింది బంకమట్టి పొర బరువు మోయలేక జారింది, సుమారు 2.5 కోట్ల ఘనపు మీటర్ల బురద, నీరు క్వెస్నెల్ సరస్సు వైపు దూసుకెళ్లాయి.