అల్లుడూ, రామ్‌బన్‌లో కవర్ విప్పు

గుంటూరు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

సంక్రాంతి వెళ్ళగానే మిర్చి లోడుతో శ్రీనగర్ బయలుదేరుతున్నావని రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అదీ సొంత బండి మీద. మన ఇంట్లో స్టీరింగ్ పట్టినవాళ్ళందరం ఓనర్ల బండ్లే తోలాం. ఆర్‌సీలో నీ పేరు ఉందంటే నాకెంత సంతోషమో చెప్పలేను. కానీ రాత్రంతా కంటి మీద కునుకు లేదు. ఫోన్లో చెబితే 'సరే మామయ్యా' అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను, ఈ కాగితం బండిలో పెట్టుకో.

రేడియేటర్లో ఉత్త నీళ్ళుంటే ఇక్కడే దింపేసి చలికి గడ్డకట్టకుండా కూలెంట్ మందూ నీళ్ళూ సగం సగం పోయించు. బ్యాటరీ చూపించు. మంచులో జారకుండా టైర్లకు కట్టే గొలుసులు బండిలో పెట్టుకో.

ఆటోనగర్‌లో సీట్లు కుట్టేవాళ్ళ దగ్గర రేడియేటర్ ముందుండే గ్రిల్‌కి రెగ్జిన్ కవర్ కుట్టించావట. మంచి పని. ఆ చలిలో ఎదురుగాలి ఇంజన్ వేడినంతా లాగేస్తుంది. ఇంజన్ చల్లగా ఉంటే డీజిల్ సరిగా కాలదు, తెల్లపొగ వస్తుంది, క్యాబిన్ హీటర్ ఉన్నా లేనట్టే. నీది బీఎస్6, అంటే కొత్త పొగ రూల్స్ బండి కాబట్టి సైలెన్సర్ ఫిల్టర్‌లో మసి కూడా పేరుకుంటుంది. అయితే మొత్తం మూసేలా కుట్టించావేమోనని నా భయం. రేడియేటర్ ముందు ఇంటర్‌కూలర్ ఉంటుంది. టర్బో పంపే వేడిగాలి అక్కడ చల్లారాకే ఇంజన్‌లోకి పోవాలి. దానికి గాలి తగలకపోతే ఘాట్‌లో పికప్ పడిపోతుంది. నడిమధ్య, ఫ్యాన్‌కి ఎదురుగా, చదరంగా కిటికీ కోయించు. ఒక పక్క మూసి ఇంకో పక్క తెరిచి పెట్టకు. గాలి ఉన్నచోటు నుంచి లేనిచోటుకు తిరిగిన ప్రతిసారీ ఫ్యాన్ రెక్క మీద బరువు మారుతుంది, అలా మారీ మారీ చివరికి విరుగుతుంది. బండితో ఇచ్చిన పుస్తకంలో కవర్ వద్దని రాసి ఉంటే అసలు కట్టకు. పంజాబ్‌లో పొగమంచు చూసి తొందరపడకు, జమ్మూ దాటి ఘాట్ ఎక్కాక చూసుకోవచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. నేను క్లీనర్‌గా ఉన్న రోజుల్లో, ఆపిల్ లోడుతో తిరిగి వస్తుంటే మా వెనకే ఇంకో విజయవాడ బండి వచ్చేది. దాని డ్రైవర్‌ది నీ వయసే. బండికి కవర్ లేదు, గోనె పట్టా మడిచి గ్రిల్‌కి అడ్డంగా కొబ్బరితాడుతో కట్టాడు. కశ్మీర్ లోయ అంచున ఖాజీగుండ్‌లో తెల్లవారుజామున కట్టాడు, అది సరైన పనే. జవహర్ సొరంగం దాటాక బానిహాల్ నుంచి అంతా దిగుడే కదా, ఇంజన్ మీద బరువుండదు, వేడి చూపే మీటర్ ముల్లు లేవలేదు. రామ్‌బన్‌లో టీకి ఆగాం. చీనాబ్ ఒడ్డున ఎండ బాగా కాస్తోంది, మేం స్వెటర్లు తీసేశాం. మా డ్రైవర్ 'పట్టా విప్పరా' అన్నాడు. తాడు మంచుకి తడిసి ముళ్ళు బిగుసుకుపోయాయి. అతను గోళ్ళతో లాగి చూసి, 'పైకెక్కాక విప్పుదాంలే అన్నా' అన్నాడు.

బటోట్ ఘాట్ ఎక్కుడు, నిండు లోడు. సగం దారిలో అతని బండి ఆవిర్లు కక్కుతూ ఆగిపోయింది. మేం ఆపి వెనక్కి పరిగెత్తేలోపే గుడ్డ పట్టుకుని రేడియేటర్ మూత తిప్పేశాడు. మరిగే నీళ్ళు మొహం మీదికి, చేతుల మీదికి ఎగజిమ్మాయి. మోచేతి నుంచి చర్మం ఊడి వేలాడింది. అతని కేక విని కొండ దిగుతున్న బండ్లు కూడా ఆగాయి. ఉధంపూర్ ఆసుపత్రి దాకా నా ఒళ్ళోనే పడుకోబెట్టుకుని తీసుకెళ్ళాను. కళ్ళు దక్కాయి. కుడిచేతి వేళ్ళు మళ్ళీ మడత పడలేదు, స్టీరింగ్ పట్టలేదు.

2017లో చెనాని-నాశ్రీ సొరంగం వచ్చింది, నీకు పట్నీటాప్ ఎక్కే పని లేదు. కానీ ఆ సొరంగం 9 కిలోమీటర్ల పైన ఉంటుందిరా. అందులో బండి వేడెక్కి ఆగిందంటే ఏం చేస్తావు? వచ్చేటప్పుడు రామ్‌బన్‌లోనే విప్పు. టీ తర్వాత, ముందు కవర్. ఎక్కడైనా వేడెక్కితే ఇంజన్ చల్లారేదాకా మూత ముట్టుకోకు. ఈ మాట మీ అమ్మ మీద ఒట్టు వేయించుకుని మరీ చెప్పాలని ఉంది.

కవర్ కట్టినంత మాత్రాన ట్యాంకులో డీజిల్ వెచ్చబడదు. మనవైపు డీజిల్ గడ్డు చలికి మైనంలా పేరుకుని ఫిల్టర్‌కి అడ్డం పడుతుంది. ట్యాంకు ఖాళీ చేసుకుంటూ వెళ్ళి, పైన అక్కడి డీజిల్ పోయించు. పేరుకుంటే ట్యాంకు కింద మంట పెట్టేవాళ్ళుంటారు, వాళ్ళ మాట వినకు. కార్గిల్ వైపు లోడు ఇస్తామంటే ఒప్పుకోకు. ఆ చలికోసమే 2019లో ఇండియన్ ఆయిల్ మైనస్ 33 డిగ్రీల దాకా పేరుకోని డీజిల్ తేవాల్సి వచ్చింది.

రాత్రి అద్దాలు బిగించి క్యాబిన్‌లో బొగ్గుల కుంపటి పెట్టుకోవద్దు. బొగ్గుల నుంచి వచ్చే విషపుగాలికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇంకో దుప్పటి పట్టుకెళ్ళు, మీ అత్తయ్య తీసిపెట్టింది.

లోడుకి మిర్చి యార్డుకి వస్తావుగా, ముందు ఇంటి దగ్గర బండి ఆపు. ఆ కవర్‌కి తాళ్ళు పెట్టించావో హుక్కులు పెట్టించావో చూడాలి. తాళ్ళయితే పీకించి హుక్కులు పెట్టిస్తాను. చేతికి ఉన్ని తొడుగు వేసుకుని నేనే కట్టి, విప్పి చూస్తాను.

మీ మామయ్య