చిట్టీ, ఆ డబ్బా టీవీ మూత మాత్రం తియ్యకు

చిట్టీ,

మీ అమ్మ ఫోన్ చేసి చాలాసేపు నీ మీద చాడీలు చెప్పింది. హాల్లో కాలు పెట్టడానికి చోటు లేదట, సోఫా బాల్కనీలోకి పోయిందట, ఇంతకీ నువ్వు కడుతున్నది ఆర్కేడ్ కేబినెట్ అట, అదే, వీడియో గేమ్ పార్లర్లలో ఉండే పెట్టె మిషన్. పైకి "అలాగా, నేను మాట్లాడతాలే" అన్నాను గానీ లోపల ఎంత పొంగిపోయానో నీకు చెప్పకూడదు. ఫోన్ పెట్టేముందు ఇంకో సంగతి చెప్పింది. పాత సామాన్ల కొట్లోంచి డబ్బా టీవీ ఒకటి తెచ్చావట, దాని ట్యూబు ఊడదీసి కేబినెట్లో బిగిస్తావట, కుదిరితే గాజువాకలో నీ ఫ్రెండుకి కూడా ఒకటి చేసిస్తానన్నావట. అక్కడితో నా పొంగంతా చల్లారిపోయింది. వాట్సాప్‌లో చెప్తే బొటనవేలు బొమ్మ పెట్టి వదిలేస్తావు, అందుకే మెయిల్ రాస్తున్నాను. పూర్తిగా చదువు.

ముందు తేలికవి అవగొట్టేస్తాను. ఎమ్‌డీఎఫ్, అదే చెక్కపొడి బోర్డు, వద్దు. యూట్యూబ్‌లో అమెరికా వాళ్ళు అదే వాడతారు, నిజమే, వాళ్ళ గాలి వేరు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా పెదవాల్తేరు ఇంట్లో కిటికీ సందుల్లోంచి కొట్టిన జల్లుకే కంప్యూటర్ టేబుల్ కాళ్ళు పూరీల్లా ఉబ్బాయి, తర్వాత ఎంత ఎండబెట్టినా మామూలు కాలేదు. ఐఎస్ 710 ముద్ర ఉన్న, నీళ్ళకి తట్టుకునే బీడబ్ల్యూపీ ప్లై, 18 ఎమ్‌ఎమ్‌ది తీసుకో. డబ్బు ఎక్కువవుతుంది, అవనీ. కోసిన అంచులకి కూడా ప్రైమర్ పట్టించు, నీళ్ళు పీల్చేది అంచులే.

బటన్లకి 30 ఎమ్‌ఎమ్ రంధ్రాలు సరిపోతాయి, కానీ చేతిలో బటన్ లేకుండా రంధ్రం కొట్టకు. బటన్ల కింద ఉండే మైక్రోస్విచ్‌లు నాలుగు ఎక్కువ కొనిపెట్టుకో, ఉప్పుగాలికి మన ఊళ్ళో ఏ స్విచ్చూ పూర్తికాలం బతకదు. హ్యాండిల్, అదే జాయ్‌స్టిక్, విషయంలో తొందరపడకు. 1980లో వచ్చిన పాక్‌మన్‌కి నాలుగు దిక్కులే, ఎనిమిది దిక్కుల హ్యాండిల్‌తో ఆడితే మలుపు దగ్గర ఆగిపోయి దెయ్యానికి దొరికిపోతావు, తప్పు నీదనుకుంటావు. స్ట్రీట్ ఫైటర్‌కి ఎనిమిదీ కావాలి. కింద గేటు, అంటే హ్యాండిల్ ఎటు కదలాలో ఆపే పలక, మార్చుకునే రకం కొంటే రెండూ ఆడొచ్చు. ఆటలు నడిపే చిన్న కంప్యూటర్ రాస్ప్‌బెర్రీ పైని షట్‌డౌన్ చేయకుండా ప్లగ్గు పీకితే ఎస్‌డీ కార్డు పోవచ్చు. పాత ఆర్కేడ్ ఆటల్ని కంప్యూటర్లో నడిపే మేమ్ సాఫ్ట్‌వేర్ ఉచితం, అందులో ఆడే ఆటలు ఉచితం కావు, ఫ్రెండుకి అమ్మేటప్పుడు ఇది గుర్తుంచుకో.

ఇక ట్యూబు.

నీకు ట్యూబే ఎందుకు కావాలో నాకు తెలుసు. ఆ ఆటల బొమ్మలు గీసింది ట్యూబు కోసమే. చుక్కకీ చుక్కకీ మధ్య రంగు కాస్త అలుక్కుపోయి బొమ్మ గుండ్రంగా కనబడుతుంది, అదే ఎల్‌సీడీ మీద గళ్ళు గళ్ళుగా ఉంటుంది. ఆర్కేడ్1అప్ వాళ్ళు 2018 నుంచి ఇళ్ళలోకి అమ్ముతున్న నాలుగడుగుల కేబినెట్లలో కూడా ఎల్‌సీడీనే. పార్లర్లు మూతపడ్డాక కేబినెట్లు ఇలా ఇళ్ళకి చేరతాయని మేమెవరం అనుకోలేదు. ఒకప్పుడు పార్లర్లో దొరికితే వీపు విమానం మోత మోగేది, ఇప్పుడు తల్లిదండ్రులే కొనిపెడుతున్నారు!

నేను జగదాంబ దగ్గర సందులో ఒక పార్లర్లో హెల్పర్‌గా చేసేవాణ్ణి, నీకు తెలుసు. టోకెన్లు లెక్కపెట్టడం, సోల్డరింగ్, సాయంత్రం నేల తుడవడం. స్ట్రీట్ ఫైటర్ 2 వచ్చింది 1991లో, మా సందులోకి రావడానికి ఇంకొంత కాలం పట్టింది. వచ్చాక మాత్రం స్కూల్ బ్యాగులు పెట్టడానికి కూడా చోటుండేది కాదు. ఆ మిషన్ మానిటర్ ఒకరోజు కాలిపోయింది. అలాంటి మానిటర్ ఇక్కడ దొరకదు. ఓనరు ఇంట్లో వాడే కలర్ టీవీ ఒకటి తెచ్చి, ప్లాస్టిక్ డొక్కు తీసేసి, ట్యూబునీ, దాన్ని నడిపే సర్క్యూట్ పలక చాసిస్‌నీ లోపల బిగింపించి, గేమ్ బోర్డు వైర్లు నేరుగా దానికి కలిపించాడు. నువ్వు చేద్దామనుకుంటున్నది అచ్చంగా ఇదే.

చాలా పాత టీవీల చాసిస్ మెయిన్స్‌కి నేరుగా కలిసే ఉంటుంది. చుట్టూ ప్లాస్టిక్ ఉంది కాబట్టి ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. ఆర్కేడ్ మానిటర్లు కూడా చాలావరకు అంతే, అందుకే కేబినెట్ అడుగున ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ అని ఒక బరువైన ఇనుప ముద్ద ఉంటుంది. అది వోల్టేజ్ తగ్గించదు, మెయిన్స్‌తో నేరు సంబంధం తెంపుతుంది. ఓనరు మీటర్ పెట్టి చూసి "ఇటు ఎంతో అటూ అంతే వస్తోంది, ఇదెందుకు దండగ" అని దాన్ని పీకించేసి తూకానికి అమ్మేశాడు.

అప్పట్నుంచి పిల్లలు "జిల్లుమంటోందన్నా" అనడం మొదలుపెట్టారు. చెమట చేతులన్నాడు ఓనరు. మిషన్ ముందు రబ్బరు పట్టా పరిచాడు. దాంతో కొన్నాళ్ళు ఎవరూ ఏమీ అనలేదు, అదే ఘోరమైంది, అందరం మర్చిపోయాం. వాన పడుతున్న ఒక సాయంత్రం తడి కాళ్ళతో వచ్చిన కుర్రాడు ఒకడు హ్యాండిల్ పట్టుకుని, పక్క మిషన్ టోకెన్ తలుపు మీద రెండో చెయ్యి ఆనించాడు. దానికి ఎర్తింగ్ ఉంది. వాడు అరవలేదు చిట్టీ. అరుస్తారనుకుంటాం, అరవలేరు. హ్యాండిల్ వదల్లేకపోయాడు, చెయ్యి బిగుసుకుపోయింది. వెనకున్న పిల్లలు ఆటలో మునిగిపోయాడనుకుని నవ్వుతున్నారు. ఎవరో మెయిన్ ఆపారు. వాడు బతికాడు, అరచేతి మీద మచ్చ మాత్రం పోలేదు. వాళ్ళ నాన్న హార్బర్‌లో కలాసీ, వచ్చి ఎవర్నీ ఒక్క మాట అనకుండా కొడుకుని ఎత్తుకుని వెళ్తుంటే మా ఓనరు వెనకాలే వెళ్ళి గుప్పెడు టోకెన్లు ఇవ్వబోయాడు. ఆ నెల జీతం తీసుకుని మానేశాను.

నీ ఫ్రెండు ఇంట్లో చిన్నపిల్లలున్నారా? ఆ ప్రశ్న వేసుకున్నావా అసలు?

కోప్పడుతున్నానని అలగకు తల్లీ. రెండో క్లాసులో నా కొట్లో స్టూలెక్కి కూర్చుని బ్రౌన్, బ్లాక్, రెడ్ అంటే 1000 ఓమ్స్ అని కస్టమర్లకి చెప్పిన పిల్లవి, నీకు రాదని కాదు. కలర్ ట్యూబు మీద 20,000 వోల్టులు పైనే ఉంటుంది, ప్లగ్గు పీకేశాక కూడా చాలాసేపు అందులో నిలిచిపోవచ్చు. ఆ నిలిచిన కరెంటుని దించడం పక్కన ఒకరు నిలబడి చేయించాల్సిన పని, వీడియో చూసి చేసేది కాదు.

ట్యూబు నీకు దక్కే దారి ఉంది. టీవీని విప్పకుండా, ప్లాస్టిక్ ఒంటితో సహా కేబినెట్లో పెట్టు. రాస్ప్‌బెర్రీ పై 4 హెడ్‌ఫోన్ రంధ్రంలోంచి వీడియో కూడా వస్తుంది, సెట్టింగ్స్‌లో దాన్ని ఆన్ చేసి, సరైన కేబుల్ కొని టీవీ వెనక పసుపు ఏవీ పిన్నుకి పెడితే చాలు. బొమ్మ కాస్త మెత్తగా ఉంటుంది, అయినా ట్యూబు ట్యూబే. వెనక గాలాడేలా రంధ్రాలు వదులు, బరువు మోసే అరకి అడ్డబద్దలు వేయించు. ఫ్రెండుకి మాత్రం పాత ఆఫీసు చదరపు ఎల్‌సీడీ చాలు, ట్యూబులాంటి గీతలు సాఫ్ట్‌వేర్‌లో వస్తాయి. రెండింటికీ మూడు పిన్నుల ప్లగ్గే వాడు, లోపలున్న ఇనుప ముక్క ప్రతిదానికీ ఎర్త్ వైరు బిగించు. మీ బోర్డులో కరెంటు లీకైతే టక్కున ఆపేసే 30 మిల్లీయాంప్ ఆర్‌సీసీబీ ఉందో లేదో మీ నాన్నకి తెలియదు, అడిగి టైం వేస్ట్ చేయకు.

ఆదివారం మీటర్ పట్టుకుని నేనే వస్తాను, మీ అత్త కూడా వస్తానంటోంది. ఈలోగా స్విచ్‌బోర్డు ఫోటో, ఎమ్‌సీబీ డబ్బా ఫోటో పంపు. డబ్బా మూత తియ్యకుండా, బయట్నుంచే.

మీ మావయ్య